డిగ్రీ చదువుకుంటనే ఎండాకాలంల ఊర్ల రీసెర్చ్ చేయాలంటే పైసలు ఎట్ల తెచ్చుకోవాలె

డిగ్రీ పిల్లలకు రీసెర్చ్ చేయడానికి పైసలు ఎవరిస్తరు, అవన్నీ పీహెచ్‌డీ వాళ్ళకే కదా అని చాలా మంది మొదలే ఆశ వదిలేసుకుంటరు. కొంత నిజమే, మన దగ్గర పెద్ద గ్రాంట్లన్నీ ప్రొఫెసర్ల పేరు మీదనే వస్తయ్. కానీ ఎండాకాలం సెలవులల్ల ఒక తండాలనో, కోయ గూడెంలనో, చేనేత వాడలనో రెండు నెలలు తిరిగి అక్కడి మనుషులతోని కలిసి ఒక ప్రశ్నకు జవాబు వెతకడానికి లక్షలు అవసరం లేదు, ఇరవై ముప్పై వేలల్ల పని అయిపోతది, ఆ మాత్రం తెచ్చుకునే దార్లు ఉన్నయ్. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జగిత్యాల, మంచిర్యాల వైపు చదువుకునే పిల్లలను మనసుల పెట్టుకొని ఇది రాస్తున్న. బీఏ అయినా బీఎస్సీ అయినా ఎంబీబీఎస్ అయినా చదవండి, మీకు పనికొచ్చేది ఏదో ఒకటి దొరుకుతది.

ముందుగా ఒక్క మాట. చాలా మంది ఏం చేస్తరంటే, ఫస్ట్ స్కీమ్ వెతుకుతరు, నోటిఫికేషన్ చూస్తరు, దానికి తగ్గట్టు ఒక టాపిక్ రాసి పంపుతరు, ఊరు సంగతి లాస్ట్‌కు. దీన్ని ఉల్టా చేయండి. ముందు ఊరు, ఊర్ల మనుషులు అడిగే ప్రశ్న, ఆ తర్వాత పైసలు. సెలెక్షన్ కమిటీల కూసున్నోళ్ళు ఒక్క పేరా చదవంగనే ఈ పిల్ల ఊరికి పోయిందా పోలేదా పట్టేస్తరు. దానికంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది, అక్కడి వాళ్ళు మీకు ఇచ్చేది వాళ్ళ కైకిలి టైం, వాళ్ళ ఇంటి సంగతులు, అవి తీసుకునే ముందు వాళ్ళకు ఏం కావాలో తెలుసుకోవడం మన బాధ్యత.

మొదటి పని: ప్రశ్న తెచ్చుకోవడం (దసరా సెలవులల్ల)

సమ్మర్ ప్రాజెక్ట్ అంటే మార్చిల ఆలోచిద్దాంలే అనుకుంటే అప్పటికే చాలా దార్లు మూసుకపోతయ్. బతుకమ్మ, దసరా సెలవులకు ఎట్లాగూ ఇంటికి పోతరు కదా, అప్పుడే మొదలు పెట్టండి. మీ సొంత ఊరు కావచ్చు, అమ్మమ్మ వాళ్ళ ఊరు కావచ్చు, మీ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ దత్తత తీసుకున్న ఊరు ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు అక్కడ ముఖ పరిచయం ఉంటది.

ఎవరిని కలవాలె? అంగన్‌వాడీ టీచర్, ఆశా వర్కర్, మహిళా సంఘం లెక్కలు చూసే వీఓఏ అక్క, పంచాయతీ సెక్రటరీ. ఊర్ల ఏ ఇంట్ల ఏం నడుస్తుందో వీళ్ళకు తెలిసినంత ఎవరికీ తెల్వదు. వాళ్ళ దగ్గరికి పోయి "మీ ఊర్ల సమస్యలు ఏంది" అని మాత్రం అడగొద్దు. అట్ల అడిగితే సీసీ రోడ్డు, పింఛన్, ఇల్లు అని చెప్తరు, ఎందుకంటే అట్ల అడిగేది లీడర్లే కాబట్టి. జరిగిన సంగతి అడగండి: పోయిన ఎండాకాలం తాగే నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకున్నరు, లాస్ట్‌టైం పాపకు జ్వరం వస్తే ఫస్ట్ ఎవరి దగ్గరికి పోయిన్రు, తునికాకు కల్లం కాడ కట్టలు తీసుకునేటప్పుడు ఏమైతది. అప్పుడు ముచ్చట బయటికొస్తది, అందుల మీ ప్రశ్న ఉంటది.

ఉదాహరణకు మిషన్ భగీరథ నల్లా ఉన్న తండాలల్ల కూడా ఆర్‌ఓ ప్లాంట్ క్యాన్ కొనుక్కునే ఇండ్లు ఉంటయ్, అట్ల ఎందుకు కొంటున్నరని ఒక అక్క నిజంగనే తెలుసుకోవాలనుకుంటది, ఎందుకంటే ఆ పైసలు ఆమె చేతి నుంచే పోతున్నయ్. దీన్ని "గ్రామీణ ప్రాంతాల్లో తాగునీటి సమస్యలు - ఒక అధ్యయనం" అని రాసిన్రనుకోండి, అది ఎక్కడిదైనా కావచ్చు, ఎవ్వరూ పైసలు ఇయ్యరు. అదే ఇట్ల రాయండి: "ఈ తండాల నల్లా ఉన్న ఇండ్లు ఏప్రిల్, మే నెలల్ల ఎన్ని రోజులు క్యాన్ నీళ్ళు కొంటున్నయ్, నెలకు ఎంత ఖర్చయితుంది, నల్లా నీళ్ళు తాగకపోవడానికి వాళ్ళు చెప్పే కారణాలు ఏంది, ఆ కారణాలు నీళ్ళ టెస్టుతోని కలుస్తున్నయా." రెండు నెలలల్ల చేయగలిగిన పని ఇది. వరంగల్ కొత్తవాడల దరీలు నేసే ఇండ్లల్ల పిల్లలు మగ్గం ఎందుకు పడతలేరు, జగిత్యాల వైపు బీడీలు చుట్టే అమ్మలకు మెడ, కండ్ల నొప్పులు ఎప్పటి నుంచి, చెరువు పూడిక తీసినంక మత్తడి కింది పొలాలోళ్ళు పంట మార్చిన్రా, ఇట్ల మన చుట్టే మస్తు ప్రశ్నలు ఉన్నయ్.

రెండో పని: గైడ్, ఊర్ల తోడు

గైడ్ లేకుండా ఏ ఫండింగూ రాదు. డిపార్ట్‌మెంట్‌ల పేరున్న సార్ కంటే, ఫోన్ ఎత్తే సార్‌ను, రాసింది చదివి ఎర్ర పెన్ను పెట్టే మేడమ్‌ను పట్టుకోండి. కొన్ని స్కీములల్ల గైడ్ రెగ్యులర్ ఫ్యాకల్టీనే ఉండాలంటరు, కాంట్రాక్ట్ లేదా గెస్ట్ లెక్చరర్లు కుదరదంటరు, అది ముందే చూసుకోండి. గెస్ట్ లెక్చరర్‌తోని పని చేయాలని ఉంటే రెగ్యులర్ వాళ్ళను గైడ్‌గా, వీళ్ళను కో-గైడ్‌గా పెట్టే వీలుందేమో అడగండి.

ఊర్ల తోడు అంటే ఒక సంస్థ లేదా సంఘం. వరంగల్ చుట్టుపక్కల ఏండ్ల నుంచి పని చేస్తున్న బాల వికాస, మారి లాంటి స్వచ్ఛంద సంస్థలు ఉన్నయ్, ఊర్ల మహిళా సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘాలు ఉన్నయ్, చేనేత సొసైటీలు ఉన్నయ్. వాళ్ళ నుంచి "ఈ ప్రశ్న మాకు అవసరం, ఈ పిల్లలకు మేం సహకరిస్తం" అని ఒక పేజీ లెటర్ తెచ్చుకోండి. గ్రామైక్య సంఘం వాళ్ళు రాసి స్టాంప్ వేసి సంతకం పెట్టిన తెలుగు లెటర్ అయినా సరే, దాన్ని అట్లనే జత చేయండి, అప్లికేషన్‌ల దానంత బలమైన కాగితం ఇంకోటి ఉండదు.

మూడో పని: పైసలు ఎక్కడున్నయో చూడడం

మీరు ఎంబీబీఎస్ లేదా బీడీఎస్ అయితే ఫస్ట్ చూడాల్సింది ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఇచ్చే షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్, అందరూ ఎస్‌టీఎస్ అంటరు. 1979 నుంచి నడుస్తుంది. రెండు నెలల ప్రాజెక్ట్, మీ మెడికల్ కాలేజీలనే ఫుల్‌టైం ఫ్యాకల్టీ గైడ్‌గా ఉండాలె, ఎథిక్స్ కమిటీ, అంటే రీసెర్చ్‌తోని మనుషులకు నష్టం కాకుండా చూసే కమిటీ, దాని అప్రూవల్ కావాలె. ఈ మధ్య సంవత్సరాలల్ల స్టైపెండ్ 50,000 రూపాయలు. హాస్పిటల్ వార్డులనే చేయాలని రూలేం లేదు, కమ్యూనిటీ మెడిసిన్ డిపార్ట్‌మెంట్ గైడ్‌తోని ఊర్ల చేసే స్టడీలు కూడా నడుస్తయ్. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఈ పైసలు ముందు రావు, రిపోర్ట్ పంపి అది ఓకే అయినంకనే వస్తయ్. అంటే మే నెల ఖర్చు మీ జేబులకెళ్ళే. దీని గురించి కింద మళ్ళ చెప్తా.

బీఎస్సీ వాళ్ళకు డీఎస్‌టీ (కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ) ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్, షీ అంటరు దాన్ని. ఇంటర్ బోర్డు మార్కులల్ల టాప్ 1 శాతంల ఉండి బేసిక్, నేచురల్ సైన్సెస్ చదివేటోళ్ళకు. ఏడాదికి 80,000, అందుల 60,000 స్కాలర్‌షిప్, మిగతా 20,000 ఎండాకాలంల ఒక మెంటార్ కింద రీసెర్చ్ ప్రాజెక్ట్ చేసినందుకు. ఆ 20 వేల సంగతి తెల్వక వదిలేసుకునే పిల్లలు ఉన్నరు, మీకు ఇన్‌స్పైర్ వస్తుంటే ఈ సమ్మర్‌కు అదే మీ ఫండింగ్, కొత్తది వెతకనక్కర్లేదు. సబ్జెక్టుల లిస్ట్‌ల ఆంత్రోపాలజీ, బోటనీ, స్టాటిస్టిక్స్ కూడా ఉన్నయ్ కాబట్టి ఊర్ల నీళ్ళ మీద, చెరువుల మీద, అడవి పంటల మీద చేసే పని ఇందుల ఇమిడిపోతది.

బెంగళూరు సైన్స్ అకాడమీ, ఢిల్లీ ఇన్సా, ప్రయాగ్‌రాజ్ నాసీ, ఈ మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ కూడా రెండు నెలలదే, స్టైపెండ్, రైలు చార్జీ ఇస్తరు. కానీ అది ఎక్కువ ల్యాబ్ పని, వాళ్ళు చెప్పిన సైంటిస్ట్ దగ్గరికి పోయి చేయాలె. మన ఊర్ల మన ప్రశ్న మీద పని చేయాలనుకునేటోళ్ళకు అది సరైన దారి కాదని నా అభిప్రాయం.

గవర్నమెంట్ డిగ్రీ కాలేజీ పిల్లలకు జిజ్ఞాస ఉంది, కాలేజియేట్ ఎడ్యుకేషన్ కమిషనరేట్ నడిపే స్టూడెంట్ స్టడీ ప్రాజెక్టుల పోటీ. గ్రూపుగా చేస్తరు, రాష్ట్ర స్థాయి దాకా పోతది, గెలిస్తే ప్రైజ్ మనీ. ఇది ముందు పైసలిచ్చే స్కీమ్ కాదు గానీ బీఏ, బీకాం పిల్లలకు, ముఖ్యంగా తెలుగు మీడియం వాళ్ళకు, ఇంత దగ్గరి అవకాశం ఇంకోటి లేదు. జిజ్ఞాసల మంచిగ చేసిన ప్రాజెక్ట్ రిపోర్ట్ చేతుల ఉంటే వచ్చే ఏడు వేరే దగ్గర అడగడం ఈజీ అయితది.

ఉన్నత్ భారత్ అభియాన్ అని 2014ల మొదలైన కేంద్ర ప్రోగ్రామ్ ఉంది, ఐఐటీ ఢిల్లీ సమన్వయం చేస్తది, చేరిన కాలేజీలు దగ్గరి ఊర్లను దత్తత తీసుకొని ఇంటింటి సర్వే చేస్తయ్. మీ కాలేజీ అందుల ఉందా, కోఆర్డినేటర్ ఎవరు, ఆ అకౌంట్‌ల పైసలేమన్నా మిగిలినయా, ఇవి అడగండి. అడిగినోళ్ళకే తెలుస్తది. ఎన్‌ఎస్‌ఎస్ స్పెషల్ క్యాంప్ ఏడు రోజులది, దాని బడ్జెట్ రీసెర్చ్‌కు ఇయ్యరు కానీ, క్యాంప్ అదే ఊర్ల పెట్టించుకుంటే మీ పైలట్ సర్వే, అంటే ముందు చిన్నగ చేసి చూసే సర్వే, ఉచితంగ అయిపోతది.

ఇంకో దారి ఉంది, దీన్ని ఎవరూ ఫండింగ్ అనుకోరు. ఐసీఎస్‌ఎస్‌ఆర్ (సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి) లాంటి సంస్థలు అండర్ గ్రాడ్యుయేట్లకు నేరుగ గ్రాంట్ ఇయ్యవు, ప్రొఫెసర్లకు ఇస్తయ్, ఆ ప్రాజెక్టులల్ల ఊర్లల్ల తిరిగి సమాచారం తెచ్చే ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్లకు పైసలు ఉంటయ్. కాకతీయ యూనివర్సిటీ సోషియాలజీ, ఎకనామిక్స్, సోషల్ వర్క్ డిపార్ట్‌మెంట్లల్ల తిరిగి ఏ సార్‌కు ప్రాజెక్ట్ నడుస్తుందో కనుక్కోండి. ఒక సమ్మర్ అట్ల పని చేస్తే పని నేర్చుకున్నట్టు, పైసలు వచ్చినట్టు, వచ్చే ఏడాది మీ ప్రాజెక్ట్‌కు గైడ్ దొరికినట్టు.

ఇవేవీ కుదరకపోతే కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం, రోటరీ, లయన్స్ క్లబ్బులు, మీ ఊరి నుంచి పోయి హైదరాబాద్‌లనో అమెరికాలనో సెటిలైనోళ్ళు. పది పదిహేను వేలు వీళ్ళ దగ్గర దొరకడం కష్టమేం కాదు, కానీ మనిషి చేతికి కాకుండా కాలేజీ అకౌంట్‌ల వేయించండి, లెక్క స్పష్టంగ ఉంటది. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ పైసలు మీకు నేరుగ రావు, రిజిస్టరైన సంస్థకే ఇస్తరు, కాబట్టి స్వచ్ఛంద సంస్థ తోడు ఉంటేనే ఆ ఆలోచన.

ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా పేరు చాలా మంది చెప్తరు, అది 13 నెలల ఫెలోషిప్, డిగ్రీ అయిపోయినోళ్ళకు, ఇప్పుడు మీకు కాదు. నీతి ఆయోగ్ ఇంటర్న్‌షిప్‌కు స్టైపెండ్ లేదు. "రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ ఇస్తం, సర్టిఫికెట్ ఇస్తం, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టు" అని మెసేజ్ వస్తే అటు చూడకండి, రీసెర్చ్ చేయడానికి మీరు పైసలు తీసుకోవాలె గానీ ఇయ్యొద్దు.

నాలుగో పని: బడ్జెట్

ఇక్కడ కొంచెం నిదానంగ చదవండి, ఎందుకంటే అప్లికేషన్ మొత్తంల పిల్లలు పది నిమిషాలల్ల రాసి పడేసేది బడ్జెట్టే, చదివేటోళ్ళు అందరికంటే ఎక్కువ సేపు చూసేది కూడా అదే. "ట్రావెల్ 10,000, స్టేషనరీ 5,000, ఇతరములు 5,000" అని గుండు గుత్తగ రాస్తే మీరు ఆ ఊరికి పోలేదని చెప్పుకున్నట్టే.

ఒక లెక్క చేసి చూపిస్తా. నర్సంపేట అవతల ఒక తండా, ముగ్గురు స్టూడెంట్లు, ఇద్దరు అమ్మాయిలు ఒక అబ్బాయి, హనుమకొండ నుంచి పోయి వచ్చుడు, 24 రోజుల ఫీల్డ్. 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి స్కీమ్ కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల ఆడపిల్లలకు టికెట్ లేదు కాబట్టి బస్సు ఖర్చు ఒక్క అబ్బాయిదే, రానుపోను 120 అనుకుంటే 2,880. బస్సు దిగినంక తండాకు ఆటో, మనిషికి రానుపోను 40, ముగ్గురికి 24 రోజులకు 2,880. తండాలనే ఉండి లంబాడీ మాట్లాడి, మనకు ఇండ్లు చూపించి, మాటలు తెలుగుల చెప్పే అక్కకు 15 రోజులకు రోజుకు 400 చొప్పున 6,000. నాలుగు మీటింగులకు చాయ్, బిస్కట్లు, నీళ్ళు 2,000. జిరాక్సులు, సమ్మతి పత్రాలు, పెన్నులు 1,200. ముగ్గురి ఫోన్ రీచార్జ్ రెండు నెలలకు 1,800. నీళ్ళ టెస్టులకు 3,000. చివరల తెలుగు రిపోర్ట్ ప్రింటింగ్, పంచాయతీ దగ్గర పెట్టే ఫ్లెక్సీ 2,500. కలిపితే 22,260, అనుకోని ఖర్చుకు 1,140 పెట్టుకుంటే 23,400. ధరలు మీ దగ్గర ఎట్లుంటే అట్ల మార్చుకోండి, కానీ ప్రతి లైన్ ఇట్ల విప్పి రాయండి, ఎన్ని రోజులు, ఎంత మంది, ఒక్కదానికి ఎంత.

ఆ తండా అక్క 6,000 గమనించండి, మొత్తంల అదే పెద్ద లైన్, అట్లనే ఉండాలె. చాలా ప్రాజెక్టులల్ల ఆమె పేరు ధన్యవాదాలల్ల ఉంటది గానీ బడ్జెట్‌ల ఉండదు. ఆమె ఆ రోజు మిర్చి ఏరబోతేనో ఉపాధి పనికి పోతేనో కూలి వచ్చేది, మన ఎనుక తిరిగితే అది పోయింది. గైడ్ సార్ "ఎందుకయ్యా, ఊరోళ్ళు ఉత్తగనే చెప్తరు" అంటే మర్యాదగనే చెప్పండి, ఐసీఎంఆర్ 2017 ఎథిక్స్ గైడ్‌లైన్స్ కూడా పాల్గొన్నోళ్ళ ప్రయాణ ఖర్చు, పోగొట్టుకున్న కూలి ఇయ్యొచ్చనే అంటయ్, ఆశ పెట్టి ఒప్పించినట్టు ఉండకూడదు అంతే. ఇంటి కాడ అరగంట మాట్లాడితే పైసలు అవసరం లేదు, కానీ ఒక పూట అంతా మీటింగ్‌ల కూసోబెడితే ఆ పూట కూలి ఇయ్యాలె, అది కూడా బడ్జెట్‌ల రాయండి.

మీ స్టైపెండ్ కూడా అడగండి, సిగ్గు పడొద్దు. ఎండాకాలంల క్యాటరింగ్‌కు పోయి, షాపుల కూసోని, అమ్మతోని కైకిలికి పోయి ఫీజు పైసలు జమ చేసుకునే పిల్లలు మన కాలేజీలల్ల ఎంత మందో ఉన్నరు. స్టైపెండ్ లేని రీసెర్చ్ అంటే ఆ పిల్లలను గేటు బయటనే ఆపినట్టు, అప్పుడు ఊర్ల మీద రీసెర్చ్ ఊర్ల పిల్లలు కాకుండా వేరేటోళ్ళే చేస్తరు. రూల్స్‌ల స్టైపెండ్ లైన్ ఉంటే పూర్తి మొత్తం రాయండి, లేకపోతే "ఫీల్డ్ అలవెన్స్" కింద అడిగే వీలుందా అని ఫోన్ చేసి కనుక్కోండి.

ఐదో పని: అప్లికేషన్ రాయడం

ముందు తెలుగుల రాయండి. ఇంగ్లీష్‌ల మొదలు పెడితే నెట్‌ల దొరికిన మాటలే వస్తయ్, తెలుగుల రాస్తే మీరు చూసిందే వస్తది, తర్వాత గైడ్‌తోని, సీనియర్‌తోని కూసోని ఇంగ్లీష్ చేసుకోండి. నాలుగు సంగతులు ఉండాలె: ప్రశ్న ఏంది, ఇది ఎవరు అడుగుతున్నరు, ఎట్ల తెలుసుకుంటరు, తెలిసినంక ఊరికి ఏం ముడుతది.

పాత లెక్కలు వాడేటప్పుడు జాగ్రత్త. 2011 జనాభా లెక్కలల్ల వరంగల్ అంటే పాత ఉమ్మడి జిల్లా. 2016 అక్టోబర్‌ల అది ముక్కలైంది, 2019ల ములుగు విడిపోయింది, 2021ల వరంగల్ అర్బన్ పేరు హనుమకొండ, రూరల్ పేరు వరంగల్ అయ్యింది. పైగా ఎల్కతుర్తి, భీమదేవరపల్లి, కమలాపూర్ మండలాలు అప్పటి కరీంనగర్ లెక్కలల్ల ఉంటయ్. 2011 వరంగల్ జిల్లా అంకె తీసుకొచ్చి ఇప్పటి వరంగల్ జిల్లా అని రాస్తే తెలిసినోళ్ళు అక్కడికే ఆపేస్తరు. జిల్లా అంకెలు వదిలేసి ఊరు, మండలం లెవల్ లెక్కలు తీసుకోండి. పంచాయతీల, ఆఫీసుల దొరకని సమాచారం ఉంటే ఆర్‌టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) పెట్టండి, 30 రోజుల గడువు ఉంటది కాబట్టి జనవరిలనే పెట్టాలె.

టైంటేబుల్ మన ఎండలకు, మన పనులకు తగ్గట్టు వేయండి. మే నెలల పొద్దున పదకొండింటికి ఇంటింటికి తిరుగుడు అని రాసిన ప్లాన్ పేపర్ మీదనే నడుస్తది. పొద్దున ఉపాధి పనికి పోయినోళ్ళు ఎండ ముదరక ముందే ఇంటికొస్తరు, వచ్చినంక అన్నం తిని పడుకుంటరు, వాళ్ళను లేపొద్దు. సాయంత్రం ఐదు తర్వాత గద్దెల మీద, అరుగుల మీద కూసుంటరు, అదే మీ టైం. ఏప్రిల్ చివర, మే మొదట్ల యాసంగి వడ్లు వాటిని కొనే ఐకేపీ సెంటర్ల కాడ ఉంటయ్, రైతులు అక్కడనే దొరుకుతరు. అడవి దగ్గరి ఊర్లల్ల అదే టైంకు తునికాకు సీజన్, మబ్బులనే లేసి పోతరు. మృగశిర కార్తె వచ్చిందంటే పత్తి గింజలు పెట్టుడు మొదలైతది, ఇక ఎవ్వరూ దొరకరు, కాబట్టి జూన్ మొదటి వారానికల్లా ఇండ్ల పని ముగించండి. ములుగు వైపు చేసేటోళ్ళు ఇంకోటి చూసుకోవాలె, మేడారం జాతర ఉన్న ఏడు జనవరి, ఫిబ్రవరిల అక్కడి ఆఫీసర్లు అందరూ జాతర పనుల మీదనే ఉంటరు, పర్మిషన్ల పని డిసెంబర్‌లనే చేసుకోండి.

ఆరో పని: పర్మిషన్లు, మాట

ప్రిన్సిపాల్ లెటర్, గైడ్ సంతకం, పంచాయతీకి ఒక దరఖాస్తు, మండల స్థాయిల ఎంపీడీఓకు ఒక కాపీ. ఆశ్రమ పాఠశాలలు, గిరిజన గూడేలల్ల పనికి ఏటూరునాగారం లేదా ఉట్నూరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసుకు రాయండి. అభయారణ్యం లోపల ఏ పనైనా ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ పర్మిషన్ లేకుండా వద్దు. ఆరోగ్యం మీద అయితే ఎథిక్స్ కమిటీ తప్పదు. మీ డిగ్రీ కాలేజీల కమిటీ లేకపోతే, కమిటీ ఉన్న వేరే సంస్థల గైడ్‌తోని కలిసి చేయండి. 18 ఏండ్ల లోపు పిల్లలతోని మాట్లాడాలంటే అమ్మానాన్నల సమ్మతి, పిల్లల ఇష్టం రెండూ కావాలె.

ఇక గడప ముందు మాట. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే, 2024 నవంబర్‌ల కులగణన, మధ్యల ఇంకెన్నో, జనం కాగితం పట్టుకొచ్చినోళ్ళను మస్తు మందిని చూసిన్రు. మీరు పోంగనే అవ్వ అడిగేది "ఏం సర్వే బిడ్డా, పింఛన్ పెరుగుతదా?" అని. అప్పుడు "చూద్దాం అవ్వా" అనొద్దు, ఆ ఒక్క మాటతోని ఆమె ఆశ పెట్టుకుంటది, ఆశతోని చెప్పే జవాబులు మారిపోతయ్. ఇట్ల చెప్పండి: "లేదవ్వా, మేం సర్కారోళ్ళం కాదు, కాలేజీల చదువుకుంటున్నం, దీనితోని పింఛన్ రాదు, పోదు. నీళ్ళ సంగతి రాసుకుంటున్నం, రాసింది జూన్‌ల మీకే చదివి వినిపిస్తం. నీకు ఇష్టం లేకుంటే చెప్పకు, మేమేం అనుకోం." ఇదంతా విని కూడా కూసో బిడ్డా అంటేనే కూసోండి. ఆధార్ నంబర్, రేషన్ కార్డు నంబర్ అడగొద్దు, మీకు ఆ అవసరమే లేదు. పేర్లకు బదులు ఇంటికో కోడ్ పెట్టుకోండి, కోడ్ లిస్ట్ గైడ్ దగ్గర తాళం లోపల ఉండాలె.

డేటా కోసం కోబో టూల్‌బాక్స్ అనే సర్వే యాప్ వాడండి, ఉచితం, ప్రశ్నలు తెలుగుల పెట్టుకోవచ్చు, సిగ్నల్ లేని గూడెంల కూడా ఫోన్‌ల సేవ్ అయి తర్వాత అప్‌లోడ్ అయితది. గూగుల్ ఫామ్ అక్కడ ఇబ్బంది పెడతది.

ఏడో పని: పైసలు చేతికొచ్చేలోపు నడిపించడం

సాంక్షన్ లెటర్ వచ్చుడు వేరు, పైసలు అకౌంట్‌ల పడుడు వేరు. ఎస్‌టీఎస్ లాంటివి రిపోర్ట్ తర్వాతనే ఇస్తయ్ అని చెప్పిన కదా. అందుకే సాంక్షన్ కాగితం పట్టుకొని ప్రిన్సిపాల్ దగ్గర అడ్వాన్స్ అడగండి, స్పెషల్ ఫీ ఫండ్ల నుంచో, పూర్వ విద్యార్థుల సంఘం నుంచో పది వేలు ముందు ఇచ్చి తర్వాత పట్టుకునే ఏర్పాటు చేయమనండి, రాతపూర్వకంగ అడిగితే కాదనడం కష్టం. అడ్వాన్స్ దొరకకపోతే ఫీల్డ్ రోజులు తగ్గించుకోండి, కానీ తండా అక్క కూలి మాత్రం ఏ రోజుకు ఆ రోజు ఇచ్చేయండి, మన గ్రాంట్ లేట్ అయితే ఆమె ఎందుకు ఆగాలె.

బ్యాంక్ అకౌంట్ పేరు టెన్త్ మెమోల పేరు ఒక్కతీరు ఉందా, ఆధార్ లింక్ అయ్యిందా ఇప్పుడే చూసుకోండి, ఒక్క అక్షరం తేడాతోని నెలలకొద్దీ ఆగిపోతయ్. ఆటో అన్న బిల్లు ఇయ్యడు కదా, తెల్ల కాగితం మీద తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత, సంతకం లేదా వేలిముద్ర, ఇట్ల వోచర్ రాసుకోండి. ఒక నోట్‌బుక్ పెట్టి ఏ రోజు ఖర్చు ఆ రోజే రాయండి. చివరల యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే పైసలు దేనికి ఖర్చయినయో చెప్పే కాగితం, అడిగినప్పుడు కాలేజీ అకౌంట్స్ సెక్షన్ల ఆ నోట్‌బుక్కే కాపాడతది.

ఎనిమిదో పని: ఊరికి తిరిగి చెప్పడం

ఫండింగ్ ఇచ్చినోళ్ళకు ముప్పై పేజీల రిపోర్ట్ ఎట్లాగూ రాస్తరు. ఊరికి నాలుగు పేజీలు చాలు, తెలుగుల, పెద్ద అక్షరాలల్ల. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలె, సెక్రటరీని అడిగి అందుల అరగంట తీసుకోండి. చదవడం రానోళ్ళు ఉంటరు కాబట్టి చదివి వినిపించండి, తండా అయితే లంబాడీల ఆ అక్కతోని చెప్పించండి. రిపోర్ట్ పంపక ముందే ఈ పని చేయాలె, ఎందుకంటే అక్కడ ఎవరో ఒకరు లేచి "ఇది గట్ల కాదు, ఆ వారం మోటార్ కాలిపోయింది, అందుకే నీళ్ళు రాలే" అంటరు, ఆ ఒక్క మాటతోని మీ టేబుల్ అర్థమే మారిపోవచ్చు, అప్పుడు దాన్ని రిపోర్ట్‌ల చేర్చే టైం ఉండాలె.

అప్లికేషన్ రిజెక్ట్ అయితే కారణం అడుగుతూ ఒక మెయిల్ పెట్టండి, కొందరు జవాబు ఇస్తరు. సర్వే చేసే ఇండ్లు సగం చేసుకోండి, నీళ్ళ టెస్టులు తీసేయండి, తొమ్మిది పది వేలకు దించిన చిన్న ప్లాన్ ఒకటి మొదటి నుంచే రెడీగ పెట్టుకొని, అదే లెటర్లతోని అదే వారం ఇంకో దగ్గర అడగండి. తండాల అక్కకు ఫోన్ చేసి ఈసారి పైసలు రాలేదు, చిన్నగ చేస్తున్నం అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఆమె మీ కోసం ఆ రోజులు వేరే పని ఒప్పుకోకుండా ఆపుకొని ఉండొచ్చు.